స్టీరింగ్ బరువు తగ్గించిన డేవిస్

పోయిన సెలవుల్లో చిట్టమూరు వెళ్లినప్పుడు మామయ్య తన పాత ట్రాక్టర్ నడిపి చూడమన్నాడు. దమ్ము చేసే మడిలో రెండు చుట్లు తిప్పేసరికే నా భుజాలు పడిపోయాయి. ఆయన ఏళ్ల తరబడి అదే స్టీరింగ్ తిప్పుతున్నాడు. కాలేజీకి తిరిగొస్తే మా మెకానికల్ ఫ్రెండ్స్ బాజా పోటీకి కట్టే ఏటీవీకి పవర్ స్టీరింగ్ అవసరమా, దండగా అని గట్టిగా వాదించుకుంటున్నారు. దాదాపు వందేళ్ల కిందటే ఈ ప్రశ్న ఒక మనిషి జీవితాన్ని మొత్తం పట్టుకుంది. ఆయనే ఫ్రాన్సిస్ డేవిస్.

డేవిస్ 1887లో అమెరికాలో పుట్టాడు. హార్వర్డ్‌లో చదివి పియర్స్ యారో కంపెనీలో చేరాడు. అక్కడ ట్రక్కుల విభాగంలో చీఫ్ ఇంజనీర్ అయ్యాడు. బరువైన ట్రక్కుని మలుపు తిప్పడానికి డ్రైవర్లు పడే అవస్థ ఆయన దగ్గరగా చూశాడు. గుంతలో చక్రం పడితే ఆ దెబ్బ నేరుగా చేతులకే తగిలేది. 1922లో మంచి ఉద్యోగం వదిలేసి, బోస్టన్ దగ్గర వాల్థమ్‌లో చిన్న వర్క్‌షాప్ పెట్టుకున్నాడు.

అసలు చిక్కు ఆయిల్ దగ్గర వచ్చింది. ఆయిల్‌ని ఎప్పుడూ ఎక్కువ ప్రెషర్‌లో ఉంచితే లీకులు తప్పవు. డేవిస్ దీన్ని తిరగేసి ఆలోచించాడు. వాల్వ్ మామూలుగా తెరిచే ఉంటుంది, ఆయిల్ ఊరికే తిరుగుతూ ఉంటుంది. డ్రైవర్ స్టీరింగ్ తిప్పినప్పుడే వాల్వ్ ఒక పక్క మూసుకుని, అక్కడ ప్రెషర్ పెరిగి పిస్టన్‌ని నెడుతుంది. అవసరమైనప్పుడే బలం, లేనప్పుడు విశ్రాంతి. సింపుల్‌గా ఉంది కదా? అది పట్టుకోవడానికే ఏళ్లు పట్టింది.

1926లో ఆ స్టీరింగ్ బిగించిన కారుని డెట్రాయిట్ తీసుకెళ్లి చూపించాడు. జనరల్ మోటార్స్ ఒప్పందం చేసుకుంది. కాడిలాక్ కార్లలో పెడదామనుకున్నారు. ఇంతలో ఆర్థిక మాంద్యం వచ్చింది. కార్లే అమ్ముడుపోని రోజుల్లో ఈ ఖర్చు గిట్టదని 1934లో కంపెనీ వదిలేసింది. అప్పటికి ఆయన పన్నెండేళ్ల కష్టం అందులో ఉంది. అయినా ఆగలేదు. 1936లో బెండిక్స్ కంపెనీతో కలిసి మళ్లీ మొదలుపెట్టాడు.

రెండో ప్రపంచ యుద్ధం లెక్కలన్నీ మార్చేసింది. బ్రిటిష్ సైన్యం కోసం షెవర్లే 12 టన్నులు దాటిన సాయుధ వాహనాలు తయారుచేసింది. వాటిని ఒట్టి చేతుల బలంతో తిప్పడం చాలా కష్టం. అక్కడ పవర్ స్టీరింగ్ సోకు కాదు, అవసరం. యుద్ధం తర్వాత 1951లో క్రైస్లర్ తన ఇంపీరియల్ కారులో పవర్ స్టీరింగ్ పెట్టి అమ్మింది. మరుసటి ఏడాదే జనరల్ మోటార్స్ కూడా అదే దారి పట్టింది. ఉద్యోగం వదిలి 29 ఏళ్లయ్యాక డేవిస్ ఆలోచన మామూలు జనానికి చేరింది. 1978లో ఆయన చనిపోయాడు.

మరి మన ఏటీవీ సంగతి? తేలికైన బండి, చిన్న ఇంజిన్, నాలుగు గంటల రేసు. అదనపు బరువు, ఖర్చు చూస్తే మా టీమ్ ఇప్పటికి వద్దనుకోవడమే సబబని నాకనిపిస్తోంది. కానీ రోజంతా గుంతల్లో, బురదలో పనిచేసే వాళ్ల బండికి అదే జవాబు చెప్పలేం. 1934లో లెక్క వేసింది ఆఫీసులో కూర్చున్నవాళ్లు. డేవిస్ లెక్క మాత్రం డ్రైవర్ చేతుల దగ్గర మొదలైంది. ఏదైనా దండగ అనే ముందు, స్టీరింగ్ పట్టుకునే మనిషిని ఒక్కసారి అడుగుదాం. నేనైతే ఈసారి ఊరెళ్లి మామయ్యని అడుగుతాను.