రాబర్ట్ షూమన్

సరిహద్దు మారినప్పుడల్లా ప్రజల పౌరసత్వం మారిన ప్రాంతం లొరేన్. ఆ ప్రాంతీయుని కుమారుడిగా 1886లో లక్సెంబర్గ్‌లో జన్మించిన రాబర్ట్ షూమన్ మొదట జర్మన్ పౌరుడు. మొదటి ప్రపంచయుద్ధానంతరం ఫ్రెంచి పౌరుడై, పార్లమెంటు సభ్యులయ్యారు. 1940లో నాజీలు బంధించగా, 1942లో తప్పించుకొన్నారు.

పగ పెంచుకోవడానికి ఇంతకన్న కారణమేం కావాలి? అయినా, ఫ్రాన్సు విదేశాంగమంత్రిగా 1950 మే 9న ఆయన ఉభయదేశాల బొగ్గు, ఉక్కు ఉత్పత్తులను ఉమ్మడి అధికారసంస్థకు అప్పగించాలని ప్రతిపాదించారు. ఆయుధాలకు మూలం అవే కదా! రహస్యంగా రూపొందిన ఆ ప్రతిపాదనను 1951లో ఆరు దేశాలు ఒడంబడికగా ఆమోదించాయి.

అప్పటికే కొరియాలో యుద్ధం చెలరేగింది. ఐరోపాను సోవియట్ భయం ఆవరించింది. 1952లో ఆ ఆరు దేశాలే ఉమ్మడి సైన్యానికి ఒప్పందం కుదుర్చుకొన్నాయి. ఫ్రాన్సు పక్షాన సంతకం షూమన్‌దే. కాని ఆ సైన్యాన్ని యుద్ధానికి పంపే అధికారం ఎవరిది? మంత్రుల సంతకం చాలునా, ప్రజల సమ్మతి అక్కరలేదా? 1954 ఆగస్టు 30న ఫ్రెంచి జాతీయసభ 319–264 ఓట్లతో ఒప్పందాన్ని తోసిపుచ్చింది. ముందు నిర్ణయం, తరువాత చర్చ అనే పద్ధతి ఉక్కు విషయంలో చెల్లింది గాని, సైనికుల ప్రాణాల విషయంలో చెల్లలేదు.

1958లో షూమన్ ఐరోపా పార్లమెంటరీ సభకు అధ్యక్షులయ్యారు. ఆ సభ్యులను అప్పట్లో ఆయా దేశాల పార్లమెంటులే పంపేవి. ప్రజలు వారిని నేరుగా ఎన్నుకొన్నది 1979లో; షూమన్ 1963లోనే కన్నుమూశారు.