గుడారం క్రింది భీముడు

నౌపడా ఉప్పు మళ్ళలో నిండు బస్తాను ఒక్క ఊపున భుజాని కెత్తుకొన్న కుర్రవానిని చూచి, గట్టు మీది వృద్ధులు కోడి రామమూర్తి వచ్చినాడురా అని మెచ్చుకోవడం సంతబొమ్మాళి పరిసరాలలో పెరిగినవారికి క్రొత్త కాదు. ఉద్దానం తోటలలో కొబ్బరికాయల మూటను అవలీలగా మోసినవానికీ ఆ పేరే దక్కేది. ఆ పేరు పెట్టి పిలిచినవారిలో పెక్కుమంది ఆయనను కన్నులార చూచినవారు కారు. ఆయన గతించి ఎనిమిది దశాబ్దాలు దాటినవి. టిక్కెట్టు కొని ఎరుగనివారు సైతం ఒక ప్రదర్శకుని ఇంతకాలం తమవానిగా చెప్పుకొంటున్నా రంటే, ఆయన జనానికి అమ్మిన వస్తువు ఏమిటి, దానికి ఆయన చెల్లించిన మూల్యం ఏమిటి అని విచారించడం ఉచితం.

కోడి రామమూర్తి నాయుడుగారు 1880వ దశకపు తొలి సంవత్సరాలలో వీరఘట్టంలో జన్మించినారు. ఆ ఊరు 1950లో ఏర్పడిన శ్రీకాకుళం జిల్లాలో చిరకాలం ఉండి, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినది. తండ్రి వెంకన్న నాయుడుగారు. పసితనంలోనే తల్లి పోయినది. తల్లి లేని బిడ్డ అని తండ్రి గారాబంగా పెంచినాడు; బిడ్డ బడి ఎగవేయడం నేర్చినాడు. ఇక లాభం లేదని తండ్రి ఆయనను విజయనగరంలో పోలీసు ఉద్యోగంలో ఉన్న పినతండ్రి నారాయణస్వామిగారి కడకు పంపినాడు. పినతండ్రి పిల్లవానిని దండించలేదు. వాని మొగ్గు ఎటున్నదో కనిపెట్టి తాలింఖానాలో చేర్పించినాడు. ఒక జీవితం మలుపు తిరగడానికి ఆ ఒక్క వివేకం చాలినది.

ఆ రోజులలో విజయనగరం విద్వాంసులకే గాక వస్తాదులకూ నిలయం. దండీలు, బస్కీలు, గోదాలో కుస్తీపట్లు ఆయనకు నిత్యకృత్యాలైనవి. ఇరవై యొక్క సంవత్సరాల ప్రాయానికే రొమ్ము మీద టన్నున్నర బరువును మోయగలిగినా డనీ, ఆపైన అది మూడు టన్నులకు పెరిగిన దనీ ఆయన జీవితకథలు చెప్పుతున్నవి. మద్రాసు సైదాపేటలో ఒక సంవత్సరం వ్యాయామశిక్షణ పొంది వచ్చి విజయనగరంలో వ్యాయామోపాధ్యాయు డైనాడు. నెల జీతం, నలుగురిలో మన్నన, సాయంకాలం గోదా, వీటితో తృప్తిపడి ఉంటే ఆయన నూరేండ్లు హాయిగా బ్రతికి ఉండేవాడేమో! కాని అప్పుడు ఉప్పు మళ్ళ దాకా ఆయన పేరు వచ్చేది కాదు.

పొట్టి పంతులు అనే మిత్రుని తోడ్పాటుతో ఆయన సర్కసు సంఘాన్ని నెలకొల్పినాడు. దేశంలో ఆ వృత్తి అప్పటికి పాతబడినది కాదు. మహారాష్ట్రుడైన విష్ణుపంత్ ఛత్రే బొంబాయిలో తొలి భారతీయ సర్కసును ప్రారంభించినది 1880లో. మలబారు తీరాన తలశ్శేరిలో కీలేరి కుంజిక్కణ్ణన్ సర్కసు విద్యకు బడి పెట్టినాడు. 1905 ప్రాంతంలో జర్మను బలశాలి యూజిన్ సాండో మన దేశమంతటా తిరిగి ప్రదర్శనలిచ్చినాడు. సాండో వచ్చి పోయిన దేశంలో, అంతటి బలం మన నేలలోనూ పండుతుందని చూపగల మనిషి కొరకు జనం ఎదురు చూస్తున్నారు. రామమూర్తిగారికి ఇండియన్ సాండో అన్న పేరు ఊరక రాలేదు.

గుడారంలో ఆయన చేసినవాటిని మూడుగా చెప్పవచ్చును. మేనికి ఇనుప గొలుసును బిగించి చుట్టించుకొని, ఊపిరి పూరించి, కండలు పొంగించి దానిని తెంపివేయడం ఒకటి. రెండు మోటారు కార్లకు కట్టిన త్రాళ్ళను చేతులకు తగిలించుకొని, అవి చెరొక దిక్కుకు లాగుతుండగా కదలక నిలుచుట రెండవది. రొమ్ము మీద పలక పరపించుకొని ఏనుగును ఎక్కించుకొనుట మూడవది. ఇందులో వాటం లేదని కాదు. పలక వలన ఏనుగు బరువు ఒక్కచోట గుచ్చుకొనక పరచుకొంటుంది. కుంభించిన ఊపిరి ప్రక్కటెముకలకు లోపలి నుండి దన్నుగా నిలుస్తుంది. అయినా పలక ఏనుగును తేలిక చేయదు. బరువు బరువే. ఊపిరి ఒక్క క్షణం జారితే ఎముకలు మిగలవు. శాకాహారి, ఆంజనేయ భక్తుడు, ప్రాణాయామంలో ఆరితేరినవాడు అయిన ఆ మనిషి రాత్రి తరువాత రాత్రి ఆ క్షణాన్ని జయించవలసి ఉండెను.

సర్కసు వ్యాపారం పైకి కనిపించినంత సొగసైనది కాదు. ఆట ఆడినా ఆడకపోయినా ఏనుగుకు మేత వేయవలె. పులికి మాంసం వేయవలె. గుడారం ఎత్తేవారికి, వాద్యగాండ్రకు, వంటవారికి కూలి ఇవ్వవలె. వాన వస్తే వసూలు లేదు. ఊరు మారితే బండ్ల బాడుగ. ఇంతమంది అన్నం ఒక్క మనిషి రొమ్ము మీద ఆధారపడినప్పుడు ఆ రొమ్ముకు సెలవు ఉండదు. ఆయన ఎత్తిన బరువులలో జనానికి కనిపించనిది ఇదే. ఏనుగు దిగిపోయేది, ఇది దిగేది కాదు.

కీర్తి మాత్రం అడుగడుగున వచ్చినది. పూనాలో లోకమాన్య తిలకుగారు ఆదరించి మల్ల మార్తాండ బిరుదు నిచ్చినారని ప్రతీతి. వైస్రాయి లార్డ్ మింటో ఎక్కిన కారును కదలకుండ నిలిపినా డన్న కథ ఉత్తరాంధ్రలో నేటికీ చెప్పుకొంటారు. మదన మోహన మాలవ్యాగారి ప్రోత్సాహంతో విదేశయాత్ర చేసినాడు. లండనులో అయిదవ జార్జి చక్రవర్తి, మేరీ రాణి ఎదుట ప్రదర్శన ఇచ్చి ఇండియన్ హెర్క్యులిస్ అనిపించుకొన్నాడు. స్పెయిను దేశంలో ఆబోతును కొమ్ములు పట్టి నేల కరపించినా డనీ చెప్పుతారు.

ఆ కాలపు లండనులో మల్లయుద్ధం ఎట్టి వ్యాపారమో తెలిస్తే గాని ఈయన ప్రత్యేకత బోధపడదు. అక్కడ కుస్తీ నాటకశాలల యజమానుల చేతిలో ఉండేది. 1910లో బెంజమిన్ అనే నిర్వాహకుడు గామా పహిల్వానును అక్కడికి తీసికొనిపోయినాడు. పొట్టివాడని గామాను మొదట పోటీలోనే చేర్చుకొనలేదు. ఎవరు వచ్చినా పడగొట్టెదనని నాటకశాల వేదిక నుండి సవాలు విసిరితే గాని ఆయనకు దారి దొరకలేదు. అమెరికను మల్లుడు రోలరును ఓడించి, సెప్టెంబరు 10న పోలండు మల్లుడు జిబిష్కోతో రెండున్నర గంటలకు పైగా పెనగినాడు. జిబిష్కో నేలను కరచుకొని ఉండిపోయి తప్పించుకొన్నాడు. మరుసటి వారం రానేలేదు. ఆ నిరీక్షణ గంటలు ప్రేక్షకులకు విసుగు పుట్టించినవి. నిజమైన కుస్తీ టిక్కెట్టు డబ్బుకు తగిన వేడుక కాదని నిర్వాహకులు క్రమంగా గ్రహించినారు.

దాని ఫలితం తరువాతి చరిత్రలో ఉన్నది. 1930 నుండి ఇంగ్లండులో వేడుక కుస్తీ విజృంభించినది. 1952లో పెద్ద నిర్వాహకులు ఏకమై జాయింట్ ప్రమోషన్స్ అను పేర ఊళ్ళను, హాళ్ళను పంచుకొన్నారు. 1955 నుండి 1988 వరకు టెలివిజను ఆ ఆటను ఇంటింటికీ చేర్చినది. వారి కూటమిలో చేరని స్వతంత్ర నిర్వాహకులు మిగిలిన హాళ్ళలో తమ ఆట తాము నడుపుకొన్నారు. ఎవరు గెలువవలెనో ముందే నిర్ణయమయ్యే ఆట అది. అభిమానికి ఆ సంగతి లోలోపల తెలిసినా చప్పట్లు మానడు. అభిమానం తీర్పు కొరకు కాదు, తన్మయత్వం కొరకు.

రామమూర్తిగారు ఈ చిక్కును తన దారిన తాను విప్పుకొన్నారు. గోదాలో పెరిగిన మల్లుడే అయినా, వేదిక మీద ఆయన ప్రధానంగా పెనగినది మనుష్యులతో కాదు. ఇనుముతో, మోటారుతో, ఏనుగుతో. ఏనుగుతో ముందుగా ఒప్పందం చేసికొని ఓడించడం ఎవరి తరం? పల్లెటూరి రైతుకు బస్తా బరువు తెలుసును. బరువును మోసి బ్రతికేవాడు బరువు విషయంలో మోసపోడు. ఆయన అమ్మిన వస్తువు గెలుపు కాదు, నమ్మకం. పరాయి ప్రభుత్వం క్రింద తల వంచుకొని ఉన్న ప్రజలకు, తమవంటి మనిషి ఒకడు గొలుసు తెంపగా చూచుట వట్టి వినోదం కాదు.

ఆ నమ్మకాన్ని ప్రతి రాత్రీ క్రొత్తగా ఋజువు చేయవలె. నిన్న ఎత్తినానని నేడు ఊరకుంటే చెల్లదు. ఆర్జించినదంతా దానధర్మాలకు ధారపోసినా రని ప్రసిద్ధి. కనుక విశ్రాంతి కొనుక్కొనే ధనమూ నిలువలేదు. తుదకు కాలి మీద రాచపుండు లేచినది. కాలు తీసివేయక తప్పలేదు. శస్త్రచికిత్సకు మత్తుమందు వద్దని, ప్రాణాయామ బలంతో నిబ్బరంగా ఉండినా రని చెప్పుతారు. ఆయన చేసిన సాహసాలలో ప్రేక్షకులు లేనిది ఇదొక్కటే. చప్పట్లు లేవు. వసూలు లేదు.

చివరి దినాలు ఒడిశా సంస్థానాల పోషణలో గడచినవి. 1942 జనవరిలో బలంగీరులో, పుట్టిన ఊరికి దూరాన, ఆయన కన్ను మూసినాడు. విశాఖ సముద్రతీరాన ఆయన విగ్రహం నిలిచినది. శ్రీకాకుళం పట్టణంలో క్రీడాప్రాంగణానికి ఆయన పేరు పెట్టినారు. ఇవి తగిన గౌరవాలే.

అయినా వేడుక చూచి సంతోషించే మనము ఒక్క మాట మరువరాదు. చప్పట్లు కొట్టి మనము ఇంటికి పోతాము. దేహమిచ్చినవాడు అక్కడే ఉంటాడు. గుడారాలలో, గోదాలలో నేడు చెమటోడ్చే వారి ముసలితనానికి ఏ ఏర్పాటున్నదని అడగడం ప్రేక్షకుని ధర్మం. బస్తా ఎత్తిన కుర్రవానిని రామమూర్తి అని పిలుస్తున్నంత కాలం ఆయన కీర్తికి లోటు లేదు. ఆ బస్తాను దింపించి, వానిని కాసేపు నీడపట్టున కూర్చుండబెట్టే పెద్దలు ఉన్నప్పుడే ఆయన ఋణం తీరినట్లు.