ఎడ్వర్డ్ మర్రో: వాగ్విద్యయు వార్తాప్రసారమును

రేడియో వార్తాప్రసారము తలయెత్తిన తొలినాళ్ళలో ఆ వృత్తిని చేపట్టినవారిలో పెక్కుమంది పత్రికాకార్యాలయములనుండి వచ్చినవారు. ఆ వృత్తికే ఒరవడిగా నెన్నబడిన ఎడ్వర్డ్ ఆర్. మర్రో మాత్రము ఏ పత్రికయందును విలేఖరిగా పనిచేసినవాడు కాడు. అతడు అభ్యసించినది వాగ్విద్య. వార్తాప్రసారకునకు వలసిన శిక్షణ యెట్టిదని విచారించువారికి అతని జీవితము పరిశీలింపదగినది.

మర్రో 1908 ఏప్రిల్ 25వ తేదీన అమెరికాలోని ఉత్తర కరోలినా రాష్ట్రమున గ్రీన్స్‌బరో సమీపమున ఒక కర్షక కుటుంబమున జన్మించెను. అతని బాల్యముననే కుటుంబము పడమటనున్న వాషింగ్టన్ రాష్ట్రమునకు తరలిపోయెను. అడవులలో చెట్లు నరకు శిబిరములందు పనిచేసి ధనము కూడబెట్టుకొని, అతడు పుల్మన్ పట్టణమందలి వాషింగ్టన్ స్టేట్ కళాశాలలో చేరి 1930లో పట్టభద్రుడయ్యెను. అచ్చట ఐడా లూ ఆండర్సన్ అను అధ్యాపకురాలు వాగ్విద్యను బోధించుచుండెను. చిన్ననాట సోకిన పోలియో వ్యాధివలన ఆమె దేహము వంగిపోయినది. వాక్కు మాత్రము మిక్కిలి బలము గలది. పదమును స్పష్టముగా పలుకుట, అర్థమెరిగి వాక్యమును విరుచుట ఆమెయొద్ద మర్రో నేర్చెను.

1932 మొదలు 1935 వరకు అతడు న్యూయార్కులోని అంతర్జాతీయ విద్యాసంస్థలో సహాయ సంచాలకుడుగా నుండి, హిట్లరు పాలనలో పదవులు కోల్పోయిన జర్మను పండితులకు అమెరికా విశ్వవిద్యాలయములలో ఆశ్రయము కల్పించు కార్యమున పాల్గొనెను. 1935లో కొలంబియా ప్రసారసంస్థలో ప్రసంగశాఖాధిపతిగా చేరెను. ఆ ఉద్యోగమును కోరునపుడు తన వయస్సును హెచ్చించి చూపుటయేగాక, తాను ప్రధానముగా చదివినది రాజనీతి యని తెలిపెను. తనకు మున్ముందు కీర్తి తేబోవు వాగ్విద్యను, కొరగానిదని కాబోలు, అతడు మరుగుపరచుట విచిత్రము.

1937లో సంస్థ అతనిని లండనుకు పంపినది ప్రసంగములు ఏర్పాటుచేయుటకే కాని, తాను ప్రసంగించుటకు కాదు. 1938 మార్చిలో హిట్లరు ఆస్ట్రియాను ఆక్రమింపగా, మర్రో ఒక విమానమును అద్దెకు తీసికొని వియన్నా చేరి, మార్చి 13న ఆ నగరమునుండి వార్తలను వినిపించెను. అంతకుముందు సంవత్సరమే అతడు విలియమ్ షైరరును సహోద్యోగిగా ఎన్నుకొనెను. షైరరు కంఠము రేడియోకు తగదని న్యూయార్కులోని అధికారులు ఆక్షేపించినను మర్రో వెనుదీయలేదు. తరువాత చేర్చుకొన్నవారి విషయమునను కంఠమాధుర్యముకన్న విషయపరిజ్ఞానమునే అతడు గణించెను.

1940లో లండనుపై బాంబులు కురియునపుడు అతని ప్రసారములు అమెరికా శ్రోతలకు ఆ యుద్ధమును కన్నులకు కట్టినవి. ప్రసారమునకు నాందియైన చిన్న వాక్యములో మొదటి పదము పిదప కొంచెము ఆగుమని ఆండర్సన్ అతనికి సూచించెను. సంస్కృత ఛందస్సున యతి యనగా విరామమే గదా! ఆ యొక్క విరామమే అతని ప్రసారములకు గురుతై నిలిచెను. మర్రో తన ప్రసారపాఠములను తరచు తాను వ్రాయక, పలుకుచు వ్రాయించెడివాడు. వినువాని చెవికొరకు పుట్టవలసిన వాక్యము తొలుత నోటనే పుట్టవలెనని అతని పద్ధతి తెలుపుచున్నది.

1951లో టెలివిజనుకు మరలి, 1954 మార్చి 9న సెనేటరు మెకార్తీ చర్యలను ఆతని మాటలతోడనే ఎండగట్టెను. 1958 అక్టోబరులో చికాగోలో వార్తాప్రసార నిర్వాహకుల సభయందు, ఆ సాధనము వినోదమునకును వ్యాపారమునకును దాస్యము చేయుచున్నదని నిర్భయముగా విమర్శించెను. ఇట్లు సంస్థాధిపతులకు దూరమై, 1961 మొదలు 1964 వరకు అమెరికా సమాచారసంస్థకు అధ్యక్షుడుగా నుండి, 1965 ఏప్రిల్ 27న మరణించెను.

అతడు చదివిన కళాశాల నేడు విశ్వవిద్యాలయము. అందు ప్రసారవిద్యను నేర్పు విభాగము అతని పేరుతోనే వెలయుచున్నది. ఉద్యోగార్థియై యొకనాడు దాచిన విద్యకే అతని నామము చిహ్నమైనది. వార్తాప్రసార శిక్షణ యంత్రపరిచయముతోను పత్రికారచనతోను ముగియదనియు, పలుకుబడిని ఎరిగిన భాషాధ్యాపకునకు అందు ముఖ్యస్థానము కలదనియు ఆండర్సన్ శిష్యుని చరిత్ర నిరూపించుచున్నది. భారతీయ భాషాశాఖలు గ్రహింపవలసినది ఈ యంశమే.