తిరిగే గుండు గుట్టు విప్పిన బెంజమిన్ రాబిన్స్

మెస్‌లో అన్నం తిని, ప్లేటు కడిగి, వార్డెన్ సార్ లేనప్పుడు దాన్ని బోర్లించి పట్టుకుని గ్రౌండులోకి విసరనివాళ్ళు మన హాస్టల్లో ఎవరైనా ఉన్నారా? మేమైతే విసిరాం. ఊరికే తోస్తే అది రెండు పల్టీలు కొట్టి దబ్బున పడేది. మణికట్టుతో గిర్రున తిప్పి వదిలితే తేలుతూ పోయి, ఆఖర్లో ఎడమ పక్కకు వాలిపోయేది. అమెరికాలో దీన్నే ఒక ఆటగా ఆడతారు. దాని పేరు డిస్క్ గోల్ఫ్. ప్లాస్టిక్ చక్రాన్ని విసురుకుంటూ వెళ్ళి, గొలుసులు వేలాడే ఇనుప బుట్టలో పడేట్టు చెయ్యాలి. ఎవరు తక్కువసార్లు విసిరి వేస్తే వాళ్ళు గెలిచినట్టు.

తిప్పి విసిరిన వస్తువు గాలిలో ఎందుకు అలా పోతుంది? ఈ ప్రశ్న పట్టుకుని వెతుకుతూ పోతే మాకు తుపాకి గుండ్ల దగ్గర ఒక మనిషి కనిపించారు. ఆయనే బెంజమిన్ రాబిన్స్. ఫిరంగుల శాస్త్రం చదివే వారందరికీ తెలిసిన పేరు. పేద ఇంట పుట్టి, కాలేజీ గడప తొక్కకుండా పైకి వచ్చిన మనిషి. కన్నుమూసింది మద్రాసుకు దక్షిణాన ఉన్న కడలూరులో.

రాబిన్స్ 1707లో ఇంగ్లండులోని బాత్ పట్టణంలో జన్మించారు. తల్లిదండ్రులు క్వేకర్లు, అంటే యుద్ధం చెయ్యడం పాపమని నమ్మే క్రైస్తవ శాఖకు చెందినవారు. కొడుకును పెద్ద చదువులకు పంపే స్తోమత వారికి లేదు. స్తోమత ఉన్నా లాభం లేదు, ఆ రోజుల్లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాలు ఆ శాఖవారికి డిగ్రీ ఇచ్చేవి కావు. పుట్టుకను బట్టి బడి తలుపు మూసెయ్యడం మనకు కొత్త సంగతేమీ కాదు. రాబిన్స్ లెక్కలు చాలావరకు సొంతంగానే నేర్చుకున్నారు. ఆ లెక్కలు లండన్‌లో డాక్టర్ హెన్రీ పెంబర్టన్ చేతికి చేరాయి. న్యూటన్ రాసిన ప్రిన్సిపియా మూడో ముద్రణకు సంపాదకుడైన పెద్దమనిషి ఆయన. కుర్రవాడిలో సరుకుందని గ్రహించి లండన్ రావడానికి ప్రోత్సహించారు. 1727లో, ఇరవై ఏళ్ళ ప్రాయంలో, రాబిన్స్ రాయల్ సొసైటీ సభ్యుడయ్యారు. పొట్టపోసుకోవడానికి మాత్రం ట్యూషన్లే చెప్పుకున్నారు.

1741లో వూలిచ్‌లో సైనిక అకాడమీ పెట్టారు. అందులో ప్రొఫెసర్ ఉద్యోగం వస్తుందని ఆశించి పాఠాలు కూడా సిద్ధం చేసుకున్నారు. ఉద్యోగం వేరొకరికి పోయింది. ఆ పాఠాలనే పెంచి 1742లో ఫిరంగి శాస్త్ర నూతన సూత్రాలు అనే పుస్తకంగా అచ్చు వేయించారు. ఆ ఉద్యోగం వచ్చిన వారి పేరు ఈనాడు ఎంతమందికి గుర్తుందో మాకు అనుమానమే.

అప్పటిదాకా తుపాకి గుండు వేగాన్ని సరిగా కొలిచే ఉపాయం లేదు. రాబిన్స్ బరువైన పలకను ఊయలలా వేలాడదీసి, దాని మీదికి గుండు కాల్చారు. దెబ్బకు పలక ఎంత వెనక్కి ఊగిందో కింద కట్టిన రిబ్బను చూపిస్తుంది. పలక బరువు, గుండు బరువు, ఊగిన దూరం తెలిస్తే వేగం లెక్క కట్టవచ్చు. ఇంటర్‌లో మనం చేసే ద్రవ్యవేగం లెక్క ఇదే. గుండు సెకనుకు సుమారు 500 మీటర్ల వేగంతో బయలుదేరుతుందని తేలింది. గాలే లేకపోతే, 45 డిగ్రీల కోణంలో కాల్చిన ఆ గుండు 25 కిలోమీటర్లు దాటి పోవాలి. నిజానికి ఒక కిలోమీటరు కూడా పోదు! పుస్తకాల్లో పరవలయం బొమ్మ గీసి గాలిని పక్కన పెట్టేసిన పండితులందరికీ ఇది పెద్ద షాకు. గుండు మీద గాలి వేసే అడ్డు దాని బరువుకు వంద రెట్లకు పైనే ఉంటుందని ఆయన చూపించారు. వేగం ధ్వని వేగాన్ని సమీపించేసరికి ఆ అడ్డు ఒక్కసారిగా పెరుగుతుందని కూడా గమనించారు.

మాకు అన్నిటికన్నా నచ్చింది వంకర తుపాకి ప్రయోగం. గుండ్లు నేరుగా పోకుండా పక్కకు ఎందుకు తప్పుతాయి అన్నది ప్రశ్న. టెన్నిస్ బంతి వంపు తిరగడం గురించి న్యూటన్ 1672లోనే ప్రస్తావించారు. రాబిన్స్ దాన్ని గుండుకు అన్వయించారు. తుపాకి గొట్టం చివరి భాగాన్ని కొద్దిగా ఎడమకు వంచి, దారిలో పల్చని కాగితపు తెరలు కట్టి కాల్చారు. గొట్టం ఎడమకు వంగింది కాబట్టి గుండు ఎడమకే పోవాలి. మొదటి తెరలను అలాగే చీల్చింది. దూరం పోయేకొద్దీ కుడివైపుకు వచ్చేసింది! వంపులో గుండు గొట్టం కుడి గోడకు రాసుకుంటూ వచ్చి గిర్రున తిరుగుతుంది. తిరిగే గుండు తనతో కొంత గాలిని లాక్కుపోతుంది. వెనక వదిలే గాలిని ఒక పక్కకు నెట్టి, తను రెండో పక్కకు జరుగుతుంది.

ఇంకో ప్రయోగానికి తుపాకి కూడా అక్కర్లేదు. చెక్క బంతిని రెండు దారాలతో వేలాడదీసి, దారాలు మెలిపెట్టి, ఊపి వదలాలి. మెలి విడుతూ బంతి తిరగడం మొదలవగానే ఊగే దారి పక్కకు జరుగుతుంది. మన ఫిజిక్స్ సార్‌ను అడిగి మీరూ చేసి చూడండి.

ఆ కాలపు మహా గణితవేత్త ఆయిలర్ 1745లో రాబిన్స్ పుస్తకాన్ని జర్మన్‌లోకి అనువదించి, మూలం కంటే పెద్ద వ్యాఖ్యానం రాశారు. అంత గౌరవించినా, తిరగడం వల్ల గుండు పక్కకు పోతుందన్న మాటను మాత్రం ఒప్పుకోలేదు. గుండు సరిగా గుండ్రంగా లేకపోవడమే కారణమన్నారు. అంత పెద్దాయన కాదన్నాక వినేదెవరు? నూరేళ్ళ తర్వాత, 1850లలో, జర్మనీకి చెందిన మాగ్నస్ మళ్ళీ ప్రయోగం చేశారు. పుస్తకాల్లో ఈనాటికీ అది మాగ్నస్ ప్రభావమే. రాబిన్స్ ప్రభావం అనాలని మా పట్టుదల.

1747లో ఆయన గొట్టం లోపల మెలిక గాడులున్న రైఫిళ్ళ గురించి రాశారు. గాడుల వల్ల గుండు పోయే దారినే ఇరుసుగా చేసుకుని తిరుగుతుంది, కనుక పక్కకు లాగే బలం ఉండదు, గురి తప్పదు. మనం విసిరే చక్రానికి ఇరుసు నిలువుగా ఉంటుంది, కానీ నిలకడనిచ్చే సూత్రం తిరగడమే. తిరిగే బొంగరం పడిపోనట్టే తిరిగే చక్రమూ పల్టీ కొట్టదు. మరి ఆఖర్లో ఎడమకు ఎందుకు వాలుతుంది? కుడిచేత్తో, ఛాతీ మీదుగా విసిరిన చక్రం పైనుంచి చూస్తే గడియారం ముల్లులా తిరుగుతుంది. వేగం తగ్గేసరికి దాని ముందు అంచును గాలి పైకి ఎత్తజూస్తుంది. తిరిగే వస్తువును ఒకచోట తోస్తే అది తొంభై డిగ్రీల అవతల ఒరుగుతుంది, బొంగరం తల తిప్పేది కూడా అందుకే. ముందు అంచును ఎత్తితే ఎడమ అంచు దిగుతుంది. బాగా వేగంగా విసిరినప్పుడు మొదట్లో దీనికి విరుద్ధంగా కుడికి ఒరగడమూ ఉంది. డిస్క్ గోల్ఫ్ ఆటగాళ్ళు ఈ రెండు వంపులనూ లెక్కలో పెట్టుకునే చెట్ల సందుల్లోంచి విసురుతారు.

రాబిన్స్‌కు ఈ చక్రాలు తెలియవు. అయితే పొడవాటి చేతికి రకరకాల ఆకారాలు తగిలించి, బరువు దింపుతూ గిరగిరా తిప్పి, ఒకే వెడల్పున్న వస్తువుకైనా ఆకారాన్ని బట్టి, వాలును బట్టి గాలి అడ్డు మారుతుందని చూపించిన యంత్రం ఆయనదే. 1746లో రాయల్ సొసైటీ ఆయనకు కోప్లీ పతకం ఇచ్చింది.

ఇక్కడ మాకు కొంచెం మనసొప్పదు. యుద్ధం వద్దనే ఇంట పుట్టినాయన తెలివంతా ఫిరంగులకే పోయింది. 1749లో ఈస్టిండియా కంపెనీ ఆయనను కోటలు బాగుచెయ్యడానికి ఇంజనీర్ జనరల్‌గా నియమించింది. 1746లో ఫ్రెంచివారు పట్టుకున్న మద్రాసు అప్పుడే తిరిగి కంపెనీ చేతికి వచ్చింది. ఆ కంపెనీయే 1760లలో మన సర్కారు జిల్లాలను కూడా చేజిక్కించుకుంది. గొప్పవాడని మెచ్చుకుంటూనే ఈ సంగతీ చెప్పాలి.

1749 డిసెంబరులో ఓడ ఎక్కి, 1750 జూలైలో ఇక్కడ దిగారు. మద్రాసుకు, కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటకు ప్లాన్లు గీశారు. సెప్టెంబరులో జ్వరం పట్టుకుంది. కోలుకున్నారు గానీ మళ్ళీ నీరసించిపోయారు. 1751 జూలై 29న ఆ కోటలోనే మరణించారు. వయసు 44. కంపెనీకి పంపవలసిన రిపోర్టు రాస్తూ, కలం చేతిలో ఉండగానే పోయారని చెబుతారు. ఆ కోటను 1758లో ఫ్రెంచివారు పట్టుకుని కూల్చేశారు. దేవనాంపట్టణం దగ్గర కొన్ని శిథిలాలు మిగిలాయి. గాలి మీద ఆయన రాసుకున్న కాగితాలను స్నేహితుడు జేమ్స్ విల్సన్ సేకరించి 1761లో లండన్‌లో అచ్చు వేయించారు.