దుమ్ముకు చెట్లతో అడ్డుకట్ట: రూజ్వెల్ట్ జీవితం



ధమ్మ బంధువులారా, ఈసారి మీకు బౌద్ధుడు కాని ఒక మనిషి గురించి చెబుతాను. ఆయన అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్. ఆయన చేసిన మంచిని మంచి అని, చెడును చెడు అని చూడగలిగితే మనకు నేర్చుకోవడానికి చాలా ఉంది.

రూజ్వెల్ట్ 1882 జనవరి 30న న్యూయార్క్ రాష్ట్రంలోని హైడ్ పార్క్‌లో పుట్టాడు. బాగా కలిగిన కుటుంబం. హడ్సన్ నది ఒడ్డున వాళ్ళకు పెద్ద ఎస్టేటు ఉండేది. తరాల తరబడి దున్ని దున్ని ఆ నేల సారం పోయింది. యువకుడిగా ఉన్నప్పుడే ఆయన ఆ సంగతి గమనించి అక్కడ చెట్లు నాటించడం మొదలుపెట్టాడు. తర్వాత ఎంత పెద్ద పదవిలో ఉన్నా, ఓటు వేయడానికి వెళ్ళినప్పుడు తన వృత్తి చెట్ల పెంపకం అనే చెప్పుకునేవాడు.

1921లో, 39 ఏళ్ళ వయసులో ఆయనకు పోలియో సోకింది. రెండు కాళ్ళూ చచ్చుబడిపోయాయి. దుఃఖం గొప్పింటి గడప కూడా తొక్కుతుందని మనకు తెలిసిందే కదా. ఆయన అక్కడితో ఆగిపోలేదు. న్యూయార్క్ గవర్నరయ్యాడు, 1933 మార్చిలో దేశాధ్యక్షుడయ్యాడు.

అప్పుడు అమెరికా మధ్యభాగంలోని మహా మైదానాల పరిస్థితి ఏమిటో చూడండి. ఒకప్పుడు అక్కడ ఆదివాసీలు బతికేవాళ్ళు, అడవిదున్నల మందలు తిరిగేవి. గడ్డి వేళ్ళు లోతుకు దిగి మట్టిని గట్టిగా పట్టి ఉంచేవి. ఆదివాసీలను తరిమేశారు, దున్నలను చంపేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో గోధుమ ధర పెరగడంతో ట్రాక్టర్లు పెట్టి గడ్డినేలంతా దున్నేశారు. తర్వాత ధర కూలిపోయింది. 1931 నుంచి కరువు పట్టుకుంది. పట్టి ఉంచే వేరు లేక మట్టి గాలికి లేచింది. 1934 మే నెలలో ఆ దుమ్ము వాషింగ్టన్ దాకా, సముద్రంలో ఓడల మీద దాకా వచ్చి పడింది. 1935 ఏప్రిల్ 14న పట్టపగలే చీకటి కమ్మింది. దుమ్ము పీల్చి మనుషులు చనిపోయారు. లక్షల మంది ఇళ్ళూ పొలాలూ వదిలి పొట్ట చేతపట్టుకుని వెళ్ళిపోయారు.

ఆలోచించండి. ఇది దేవుడి శాపం కాదు, ఎవరి పూర్వజన్మ పాపమూ కాదు. కారణాలున్నాయి, వాటి నుంచి ఫలితం వచ్చింది. పటిచ్చ సముప్పాదం అంటే ఇదే. కారణం దొరికితే దాన్ని తొలగించే మార్గమూ దొరుకుతుంది.

రూజ్వెల్ట్ పట్టుకున్న మార్గం చెట్లు. 1934లో ఆయన ఆదేశం ఇచ్చాడు. ఉత్తరాన నార్త్ డకోటా నుంచి దక్షిణాన టెక్సాస్ దాకా ఆరు రాష్ట్రాల్లో పొలాల మధ్య గాలికి అడ్డంగా చెట్ల పట్టీలు వేయాలని. పొడి నేలలో చెట్లేమిటని చాలామంది నవ్వారు. దీనికోసం విడిగా డబ్బివ్వడానికి పార్లమెంటు ఒప్పుకోలేదు. పని లేనివాళ్ళకు పని కల్పించే నిధులతోనే చాలావరకు నడిపించారు. 1935 మార్చిలో ఓక్లహోమాలో తొలి మొక్క నాటారు. మొక్కలు ప్రభుత్వానివి, నాటేది కూలీలు, నేల ఇచ్చి సాకేది రైతు. అంచుల్లో పొదలు, నడుమ ఎత్తయిన చెట్లు. అలా వేస్తే గాలి పైకి లేచి, చెట్టు ఎత్తుకు పది రెట్ల దూరం దాకా నేల మీద దాని జోరు తగ్గుతుంది. 1942 నాటికి సుమారు 22 కోట్ల చెట్లు నాటారు. ఆ పట్టీల పొడవు మొత్తం దాదాపు 30 వేల కిలోమీటర్లు. దుమ్ము అణగడానికి ఇదొక్కటే కారణం అనుకోకండి. వాలుకు అడ్డంగా దున్నడం నేర్చుకున్నారు, వానలూ తిరిగి వచ్చాయి.

ఇక్కడ మన బాబాసాహెబ్‌ను గుర్తు చేసుకోవాలి. రూజ్వెల్ట్ 1933లో టెన్నెసీ నదీలోయ సంస్థను పెట్టాడు. వరదలు ఆపడం, కరెంటు తీయడం, కోసుకుపోయిన నేలను బాగుచేయడం, అన్నీ ఒకే సంస్థ కింద. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక సభ్యుడిగా ఉన్న బాబాసాహెబ్ ఆ నమూనాను చూసే దామోదర్ లోయ పథకానికి పునాది వేశారు. మంచి పని ఎక్కడ జరిగినా పరిశీలించి తీసుకోవడం ఆయన పద్ధతి.

ఇప్పుడు రెండో వైపు. నిరుద్యోగ యువకుల చేత కోట్ల మొక్కలు నాటించిన రూజ్వెల్ట్ శిబిరాల్లో నల్లజాతి యువకులను చాలాచోట్ల వేరుగా ఉంచారు. ఊరికి దూరంగా వాడ కట్టడం ఎలా ఉంటుందో మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. 1942 ఫిబ్రవరిలో ఆయన చేసిన సంతకంతో సుమారు 1,20,000 మంది జపాన్ సంతతివాళ్ళను ఇళ్ళ నుంచి తరలించి ముళ్ళకంచెల వెనక పెట్టారు. వాళ్ళలో ఎక్కువమంది అమెరికా పౌరులే. మన బౌద్ధులూ చాలామంది ఉన్నారు. నేల మీద చూపిన కరుణ ఆ మనుషుల దాకా రాలేదు. కొందరిని బయట పెట్టిన కరుణ సగం కరుణే.

1945 ఏప్రిల్ 12న జార్జియాలోని వార్మ్ స్ప్రింగ్స్‌లో రూజ్వెల్ట్ కన్నుమూశాడు. చెట్లు ఆయన తర్వాతా నిలబడ్డాయి. అయితే నీటి యంత్రాలు తిరగడానికి అడ్డమని, నాలుగు సాళ్ళు ఎక్కువ వేసుకోవచ్చని తర్వాతి కాలంలో చాలా పట్టీలను కొట్టేశారు. తాతల కష్టం తెలియని చోట లోభం మళ్ళీ మొలకెత్తింది.

అందుకే చెబుతున్నా. వచ్చే ధమ్మచక్ర దినానికి విహారం దగ్గరో చేనుగట్టునో ఒక వరుస మొక్కలు నాటండి. వాటి నీడలో ఎవరు కూర్చోవచ్చు, ఎవరు కూర్చోకూడదు అనే మాట రానివ్వకండి. ఆ చెట్లు ఎందుకు నాటారో మీ పిల్లలకు చెప్పండి. చెప్పకపోతే వాళ్ళే గొడ్డలి పడతారు.

జై భీమ్.