కుంచెనే నమ్ముకున్న విజే లెబ్రన్

మనలో చాలామంది పెద్దలు పుట్టిన ఊరు వదిలి, చేతిలోని పనినే నమ్ముకుని బతికారు. ఫ్రెంచి చిత్రకారిణి ఎలిజబెత్ విజే లెబ్రన్ కథ కూడా అలాంటిదే.

ఆమె 1755లో పారిస్‌లో జన్మించారు. బొమ్మలు వేయడం నేర్పిన తండ్రి ఆమెకు 12 ఏళ్లప్పుడే పోయారు. చిన్న వయసులోనే మనుషుల చిత్రాలు గీసి ఇల్లు నడిపారు. రాణి మరీ ఆంత్వానెత్ చిత్రాలు సుమారు 30 వేశారు. నలుగురు స్త్రీలకు మించి చేర్చుకోని రాజ చిత్రకళా అకాడమీలో 1783లో చోటు సంపాదించారు.

కర్ణాటకలోని మనవారికి ఒక విశేషం. టిపు సుల్తాన్ పంపగా 1788లో పారిస్ చేరిన రాయబారుల్లో ఒకరైన మహమ్మద్ దర్వీష్ ఖాన్ నిలువెత్తు చిత్రం గీసింది ఈమే.

1789లో విప్లవం వచ్చింది. రాణికి దగ్గరి మనిషన్న పేరే ప్రాణం మీదికి తెచ్చింది. అంతకాలం సంపాదించింది భర్త చేతిలోనే కరిగిపోయింది. కూతురిని వెంటబెట్టుకుని దేశం దాటారు. ఇటలీ, వియన్నా, రష్యా, ఎక్కడికి వెళ్లినా కుంచే అన్నం పెట్టింది. 1802లో పారిస్‌కు తిరిగివచ్చి, 1842లో అక్కడే కన్నుమూశారు.

ఆమె వెంట ఆస్తి రాలేదు, విద్య వచ్చింది. మన పిల్లలకు తెలుగుతో పాటు ఒక చేతిపని కూడా నేర్పుదాం.