సూక్ష్మదర్శిని శాస్త్రవేత్త, కార్మికుల పక్షపాతి ఎర్నెస్ట్ అబె

రక్తపరీక్షకో, కఫపరీక్షకో ల్యాబుకు వెళ్ళని పింఛనుదారు మనలో అరుదు. అక్కడి మైక్రోస్కోపులో గాజుపలక కింద, వెలుగును కూడదీసి పైకి పంపే కటకాల అమరిక ఒకటి ఉంటుంది. చాలా మైక్రోస్కోపుల్లో దాని పేరు అబె కండెన్సరు. ఆ పేరుగల మహనీయుని జీవితం మన ప్రత్యేక సంచికలో చెప్పుకోదగినది.

ఎర్నెస్ట్ అబె 1840 జనవరి 23న జర్మనీలోని ఐసెనాక్ పట్టణంలో జన్మించారు. తండ్రి నూలుమిల్లు కార్మికుడు. రోజుకు 14 నుంచి 16 గంటలు నిలబడి పని. విరామం లేదు. కొడుకు తెచ్చిన మధ్యాహ్న భోజనాన్ని యంత్రానికి ఆనుకునే తినేవారు. ఆ దృశ్యాన్ని అబె జీవితాంతం మరువలేదు. మిల్లు యజమాని చదువుకు సాయపడగా, గట్టింగెన్‌లో 1861లో డాక్టరేటు పొంది, 1863 నుంచి యేనా విశ్వవిద్యాలయంలో బోధించారు.

1866లో యేనాలోని మైక్రోస్కోపుల తయారీదారు కార్ల్ జైస్ ఆయన సాయం కోరారు. అంతవరకు కటకాలను అరగదీసి, చూసి, మళ్ళీ అరగదీసి సరిపెట్టేవారు. లెక్కకట్టి చేయాలని అబె పూనుకున్నారు. మొదటి ప్రయత్నంలో వచ్చిన కటకాలు పాతవాటికంటే తీసికట్టుగా ఉన్నాయి! కారణం వెదకగా ఒక సత్యం బయటపడింది. 1873లో దానిని ప్రకటించారు. కాంతి తరంగం గనుక, కటకం ఎంత గొప్పదైనా, తరంగదైర్ఘ్యంలో సుమారు సగం కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కలు విడివిడిగా కనిపించవు. అంటే మిల్లీమీటరులో సుమారు 5,000వ వంతు. కార్తీకమాసంలో ఏటి అవతలి గట్టున పక్కపక్కనే పెట్టిన రెండు దీపాలు మనకు ఒకే వెలుగుగా కనిపించినట్లన్నమాట.

హద్దు తెలిశాక, ఆ హద్దు వరకు చూపగల కటకాలు తయారయ్యాయి. 1882లో రాబర్ట్ కోఖ్ క్షయ క్రిమిని కనిపెట్టడానికి జైస్ మైక్రోస్కోపే తోడ్పడింది.

భాగస్వామిగా అబె ధనవంతులయ్యారు. జైస్ 1888లో మరణించగా, మరుసటి ఏడే ఆయన పేరిట ఒక సంస్థను స్థాపించి, 1891లో తన వాటాను దానికి ధారపోశారు. 1896 నాటి దాని నియమావళిలో పింఛను, జీతంతో సెలవు, ఉద్యోగం పోతే పరిహారం హక్కులుగా చేరాయి. పై అధికారి జీతం కార్మికుని సగటు ఆదాయానికి పదిరెట్లు మించరాదన్నారు. 1900లో కూలి తగ్గించకుండా పనివేళ 8 గంటలకు కుదించారు. ఉత్పత్తి తగ్గలేదు. 1905 జనవరి 14న ఆయన కన్నుమూశారు.

ఆయన చూపిన హద్దును చాలాకాలం ఎవరూ దాటలేదు. చివరకు ఉపాయం దొరికింది. వెలిగే రంగు పట్టించిన నమూనాపై ఒక కిరణం పడి వెలిగిస్తుంది. గాజులా గుండ్రంగా ఉన్న రెండో కిరణం అంచులను ఆర్పేస్తుంది. నడిమి చిన్న చుక్క మాత్రం మిగులుతుంది. ఇది స్టీఫన్ హెల్ పద్ధతి. ఎరిక్ బెట్జిగ్, విలియం మోర్నర్ల కృషితో వచ్చినది మరొకటి. దీపాలన్నీ ఒక్కసారి కాక కొన్ని కొన్నిగా వెలిగిస్తే, ఒక్కొక్కదాని చోటు గుర్తించి, అన్నిటినీ కలిపి బొమ్మ కట్టవచ్చు. ఈ ముగ్గురికీ 2014లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. అబె సూత్రం తప్పని తేలలేదు. దాన్ని చుట్టి వెళ్ళే దారి దొరికింది. హెల్ పనిచేసినది అబె చదివిన గట్టింగెన్‌లోనే.

ఏళ్ళ తరబడి పింఛను కాగితాలు రాసిన గుమాస్తాను నేను. ఒక కాగితం నెల ఆలస్యమైతే ఒక వితంతువు ఇంట పొయ్యి ఎలా వెలుగుతుందో చూసినవాణ్ణి. పింఛను దయ కాదు, హక్కు అని మన సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పినది 1982 డిసెంబరు 17న. ఆ మాటను అంతకు 86 ఏళ్ళ ముందే తన కర్మాగారంలో నియమంగా రాసిపెట్టారు ఆ నూలుమిల్లు కార్మికుని కొడుకు. ఈసారి ల్యాబుకు వెళ్ళినప్పుడు ఆయనను ఒక్కసారి తలచుకుందాం.